నిషేధపు రోజులు, కల్తీ సారా, కంటిచూపు

మద్యనిషేధమనగానే మనకు 1992 నాటి దూబగుంట స్త్రీల సారా వ్యతిరేకోద్యమం, 1995లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ నిషేధం గుర్తుకు వస్తాయి. మన కడప జిల్లా ఆ అనుభవాన్ని చాలా ముందే చవిచూసింది. రాజాజీ 1937లో సేలం జిల్లాలో ప్రారంభించిన నిషేధం మరుసటి ఏడే చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. మైదుకూరు మొదలు జమ్మలమడుగు, పులివెందుల దాకా సారా దుకాణాలు మూతపడ్డాయి.

దుకాణాలు మూతపడినంత మాత్రాన అలవాటు పోదు. నిషేధం ఉన్న చోటల్లా వార్నిషు, పాలిష్ స్పిరిట్ తాగినవారున్నారు. కంటికి ముప్పు అక్కడే మొదలయింది. బెల్లం పులియబెట్టి కాచిన నాటుసారా కళ్ళు పోగొడుతుందని చాలామంది నమ్మకం. నిజానికి బెల్లపు ఊటలో పుట్టేది ప్రధానంగా ఇథైల్ ఆల్కహాలే. (అది కాలేయానికి మేలు చేస్తుందని మాత్రం అనుకోకండి!) చూపు తీసేది దానికి చుట్టమైన మిథైల్ ఆల్కహాల్. పరిశ్రమలకు సుంకం లేని స్పిరిట్ ఇవ్వదలచి, దానిని ఎవరూ తాగకుండా ఈ విషాన్ని కలపడానికి బ్రిటన్ 1855లో చట్టం చేసింది. ఆ పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. దొంగచాటు వ్యాపారులు అటువంటి స్పిరిట్‌నే సారాలో కలుపుతారు. రుచిని బట్టి, వాసనను బట్టి దానిని పసిగట్టలేము.

తాగిన వెంటనే మత్తు తప్ప ఏమీ తెలియదు. కాలేయం ఆ విషాన్ని మెల్లగా ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. చీమ కుట్టినప్పుడు మంట పుట్టించే ఆమ్లమే ఇది. అది దృష్టినాడి కణాలకు ప్రాణవాయువును వాడుకునే శక్తి లేకుండా చేస్తుంది. సాధారణంగా పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటల తర్వాత కడుపునొప్పి, వాంతులు, ఆయాసం, కళ్ళముందు తెల్లని పొగమంచు కమ్మినట్లు కనబడటం మొదలవుతాయి. దానిని ‘నిన్నటి మత్తు దిగలేదు’ అనుకొని పడుకోబెడితే అమూల్యమైన సమయం చేజారుతుంది.

చిత్రమేమిటంటే, దీనికి విరుగుళ్ళలో ఒకటి శుద్ధమైన ఇథైల్ ఆల్కహాలే! కాలేయంలోని ఎంజైమును అది ఆక్రమించుకొని విషం ఆమ్లంగా మారకుండా ఆపుతుంది. దానిని కొలిచి ఇవ్వవలసింది వైద్యులే. రక్తశుద్ధి కూడా అవసరం కావచ్చు. ఆలస్యమైతే కొన్ని వారాలలో దృష్టినాడి తెల్లబడి క్షీణిస్తుంది. అప్పుడిక కళ్ళజోడు గాని, శస్త్రచికిత్స గాని పోయిన చూపును తేలేవు.