బీల భూములు – బంజరు భూములు: సోంపేట థర్మల్ కేంద్ర ప్రణాళిక

గత భాగంలో ఆంధ్ర ప్రాంతంలో విద్యుత్ రంగం విస్తరించిన తీరును చదివారు. ఈ భాగంలో, నిర్మాణం దాకా రాకుండానే ఆగిపోయిన ఒక బొగ్గు ఆధారిత కేంద్రం కథను పరిశీలిద్దాం. కట్టని కేంద్రానికి చరిత్ర ఏమిటని మీకు సందేహం రావచ్చు. ప్రభుత్వం భూమిని ఏ కళ్లతో చూస్తుందో, అదే భూమిని ప్రజలు ఎలా చూస్తారో ఇలాంటి ప్రణాళికల్లోనే స్పష్టంగా కనబడుతుంది.

బొగ్గును మండించి నీటిని ఆవిరిగా మార్చి, ఆ ఆవిరితో టర్బైన్లు తిప్పడమే థర్మల్ విద్యుత్. వాడిన ఆవిరిని మళ్లీ చల్లబరచడానికి నీరు విస్తారంగా కావాలి. అందుకే తొలితరం కేంద్రాలు బొగ్గు గనులకూ నదులకూ చేరువలో వెలిశాయి. కొత్తగూడెం కేంద్రం సింగరేణి బొగ్గును, కిన్నెరసాని నీటిని నమ్ముకున్నది. రామగుండానికి బొగ్గుతోపాటు గోదావరి అండ ఉన్నది.

2003 విద్యుత్ చట్టం ఈ చిత్రాన్ని మార్చింది. థర్మల్ ఉత్పత్తికి లైసెన్సు అవసరం లేకపోవడంతో ప్రైవేటు సంస్థలు ముందుకు వచ్చాయి. సముద్రపు నీరు, ఓడల్లో వచ్చే బొగ్గు అందుబాటులో ఉండటం వల్ల వాటి చూపు తీరప్రాంతంపై పడింది. కోతలతో రైతులూ పరిశ్రమలూ ఇబ్బంది పడుతున్న రోజులవి. కరెంటు అవసరం నిజమైనదే. ఈ విషయాన్ని మీరు మరువరాదు.

శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర 2,640 మెగావాట్ల కేంద్రాన్ని తలపెట్టారు. అందుకు ప్రభుత్వం 2008లో సుమారు 970 ఎకరాలు కేటాయించింది. ఎంచుకున్న చోటును స్థానికులు 'బీల' అంటారు. వాననీరు చేరి నిలిచే చిత్తడి నేల అది. చుట్టుపక్కల రైతులకు సాగునీరు, మత్స్యకారులకు చేపలు, పశువులకు మేత అక్కడి నుంచే వచ్చేవి. కొబ్బరి, జీడిమామిడి తోటలకు పేరుపొందిన ఉద్దానం సీమలోనిదే ఈ నేల.

రెవెన్యూ లెక్కల పద్ధతిని ఇక్కడ గుర్తు చేసుకోండి. శిస్తు రాని భూమి బంజరు లేదా పోరంబోకు. ఎవరి పేరునా పట్టా లేదు గనుక ఎవరికీ నష్టం లేదని కాగితం చెబుతుంది. కాని బీల మీద బతికే కుటుంబాలకు పట్టా లేకపోయినా బతుకుతెరువు ఉన్నది. వలస పాలన నాటి శిస్తు దృష్టి స్వతంత్ర భారతంలోనూ కొనసాగిందనడానికి ఇది మంచి ఉదాహరణ.

స్థానికులు ఉద్యమించారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ భూమి చిత్తడి నేల అన్న వాదన చివరకు నిలిచింది. అయితే ఆ మాటను కాగితం మీదికి తేవడానికి మనుషులు చనిపోవలసి వచ్చిందా అన్న ప్రశ్న మిగిలిపోయింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న అదే జిల్లా కాకరాపల్లిలో, తంపర భూముల్లో తలపెట్టిన మరో థర్మల్ కేంద్రం విషయంలోనూ కాల్పులు జరిగాయి. సోంపేట అనుభవం అప్పటికి ఎనిమిది నెలలు కూడా పాతబడలేదు.

ఈ పాఠాన్ని 'అభివృద్ధికి అనుకూలం, వ్యతిరేకం' అని రెండు ముక్కల్లో రాసి ముగించకండి. కరెంటు కావలసిన రైతూ, బీల కావలసిన రైతూ ఒక్కోసారి ఒకే మనిషి. చరిత్ర విద్యార్థి ముందుగా అడగవలసింది: ఆ భూమికి బంజరు అని పేరు పెట్టినవారు ఎవరు? ఆ పేరు పెట్టేటప్పుడు అక్కడ ఉంటున్నవారిని అడిగారా?

మీ అభ్యాసం: మీ ఊరి రెవెన్యూ రికార్డులో బంజరుగానో పోరంబోకుగానో నమోదైన ఒక స్థలాన్ని ఎంచుకోండి. దానిని ఎవరు, ఏ కాలంలో, దేనికి వాడుకుంటున్నారో పెద్దలను అడిగి ఒక పుటలో రాయండి.