చేతిపని మనది, లెక్క పుస్తకం ఎవరిది?

ప్రతి ఏడాదీ ఈ నివేదికలో పొదుపులు, అప్పులు, వసూళ్ళ పట్టికలు అయిపోయాక ఒక చరిత్ర వ్యాసం వేసుకుంటున్నాం. ఈసారి ఇంగ్లండులో ఉత్తరాన ఉన్న లాంకషైర్ అనే జిల్లా గురించి రాస్తామంటే కమిటీలో కొందరు అక్కలు నవ్వారు. "మన కొల్లేరు గురించి రాయక, ఎక్కడో ఉన్న ఆ ఊళ్ళ గొడవ మనకెందుకమ్మా?" అన్నారు. అడగాల్సిన మాటే. ఆ జిల్లా మిల్లులు మన జిల్లాలో రాట్నాల్ని ఎలా మూల పెట్టించాయో, ఆ జిల్లా పనివాళ్ళే తర్వాత మనలాంటి సంఘాన్ని ఎలా నిలబెట్టుకున్నారో మనకి తెలియాలని రాస్తున్నాం.

ఇంకో కారణం కూడా ఉంది. తాడేపల్లిగూడెం వైపు సంఘాలకి ఈ ఏడాది ఒక లేసు వ్యాపారి బేరం తెచ్చాడు. దారం తనే ఇస్తాడట, అల్లిన సరుకంతా తనే తీసుకుంటాడట, లెక్కలు కూడా ఆయన గుమాస్తాయే రాస్తాడట. "మీకెందుకమ్మా ఆ శ్రమ" అన్నాడు. ఈ బేరం రేపు సర్వసభ్య సమావేశంలోకి వస్తుంది. చెయ్యి ఎత్తే ముందు ఈ నాలుగు పేజీలు చదవండి. చదవడం రాని అక్కలకి సంఘం లీడర్లు చదివి వినిపించండి.

కథ మన దగ్గరే, నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో మొదలవుతుంది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్ళు పదిహేడో శతాబ్దంలో గోదావరి ఒడ్డున ఆ ఊళ్ళో గుడ్డల వ్యాపారానికి కొఠీ పెట్టారు. దాన్ని వాళ్ళు ఫ్యాక్టరీ అనేవారు గానీ అందులో మరలేమీ ఉండేవి కావు. గిడ్డంగి, కచేరీ, డబ్బు పెట్టె, అంతే. నేతగాళ్ళకి ముందుగా బయానా ఇచ్చి, గుడ్డ నేయించి, ఓడ ఎక్కించేవారు. ఆ చుట్టుపక్కల నేసిన సన్నని తెల్లగుడ్డకి ఊరి పేరే వచ్చింది. దొరల నోట మాధవాయిపాలెం తిరక్క "మడపోలం" అయింది.

మన దేశపు నూలుగుడ్డ ఇంగ్లండులో ఎంత పాకిందంటే, అక్కడి ఉన్ని, పట్టు పనివాళ్ళు గోల చేశారు. 1700లో మన రంగుల అద్దకపు గుడ్డ దిగుమతి కాకుండా చట్టం చేశారు. 1721లో ఇంకో అడుగు వేసి, అలాంటి గుడ్డ కట్టుకున్న వాళ్ళకి జరిమానా పెట్టారు. పోటీలో గెలవలేకపోతే చట్టం చేసుకోవడం వాళ్ళకి అప్పటికే వచ్చన్నమాట.

అయితే చట్టం ఒక్కదానితోనే లాంకషైర్ ఎదగలేదు. అక్కడ ఎప్పుడూ ముసురే, గాలిలో చెమ్మ ఎక్కువ. నూలు తెగకుండా ఉండడానికి అది మంచిది. నేల కింద బొగ్గు ఉంది. లివర్‌పూల్ రేవు ఉంది. ఆ రేవుకి అమెరికాలో నల్లజాతి బానిసల చేత పండించిన దూది వచ్చేది. అంతకుముందు అక్కడా ఇళ్ళలోనే ఆడవాళ్ళు వడికేవాళ్ళు, మగవాళ్ళు నేసేవాళ్ళు. ఇంగ్లీషులో పెళ్ళికాని ఆడమనిషిని స్పిన్‌స్టర్ అంటారు కదా, ఆ మాటకి అసలు అర్థం నూలు వడికే మనిషి అనే. 1764 ప్రాంతంలో జేమ్స్ హార్‌గ్రీవ్స్ అనే నేతగాడు ఒకేసారి చాలా కదుళ్ళ మీద వడికే యంత్రం కట్టాడు. 1779లో బోల్టన్ ఊరి శామ్యూల్ క్రాంప్టన్ ఇంకా సన్నని నూలు తీసే యంత్రం చేశాడు. తర్వాత ఆవిరి వచ్చింది. ఇళ్ళలోని రాట్నాలు ఆగాయి. ఆడవాళ్ళు, పిల్లలు గంట కొడితే మిల్లుకి పరిగెత్తారు.

1813లో మన దేశంతో వ్యాపారం మీద కంపెనీకి ఉన్న గుత్త హక్కు తీసేశారు. లాంకషైర్ గుడ్డ వరదలా వచ్చి పడింది. ఇందులో ఒక సంగతి మా మనసులోంచి పోవడం లేదు. ఆ మరగుడ్డలో ఒక రకం పేరు మడపోలం. మన ఊరి పేరు పెట్టుకుని, మన ఊరి గుడ్డనే సంతలో ఓడించింది.

1830ల నాటికి కంపెనీ ఇక్కడ గుడ్డలు కొనడం మానుకుంది. 1833 కరువు, 1839 తుఫాను కూడా అప్పుడే పడ్డాయి. ఈ ప్రాంతం ఎంత చితికిపోయిందో విచారించడానికి 1843లో హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారిని వేశారు. ఆ తర్వాతే 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు. ఏలూరు కాలువ వచ్చింది, వరి వచ్చింది. మనం ఈ పూట తింటున్న అన్నం ఆ కాలువదే, ఆ రుణం కాదనలేం. కానీ కాలువ నీళ్ళు చేలకి పారాయి గానీ రాట్నానికి పారలేదు. నేతగాడు మిల్లునూలు కొనుక్కుని మగ్గం కొంతవరకు నిలబెట్టుకున్నాడు. నూలు వడికి నాలుగు డబ్బులు కొంగున కట్టుకునే ఆడమనిషికి మాత్రం ఆ దారి పూర్తిగా మూసుకుపోయింది.

ఏలూరు తివాచీ కథ కొంచెం వేరు. 1679లో స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ అనే కంపెనీ అధికారి ఏలూరు వచ్చి, తివాచీలు నేయడం చూసి తన దినచర్యలో రాసుకున్నాడు. నేసేవాళ్ళు పర్షియా దేశం నుంచి వందేళ్ళ కిందట వచ్చిన వాళ్ళ సంతతి అని అక్కడివాళ్ళు ఆయనకి చెప్పారు. మగ్గం నిలువుగా ఉండేదట, పడుగు నూలుదారం. చిన్నపిల్లలు రంగురంగుల ఉన్నితో ముడులు వేసేవాళ్ళు. ఒక పెద్దాయన కాగితం మీద గీసిన నమూనా పట్టుకుని వెనక నిలబడి, ఏ రంగు ఎన్ని పోగులో చెబుతుంటే పిల్లలు వేసేవాళ్ళు. ఒక్కో వరస అయ్యాక కత్తెరతో సమంగా కత్తిరించేవాళ్ళు. నమూనా కాగితం ఎవరి చేతిలో ఉందో, ముడి ఎవరు వేస్తున్నారో చూడండి.

1851లో లండనులో ప్రపంచ వస్తువులన్నిటితో పెద్ద ప్రదర్శన పెట్టారు. మన ఏలూరు తివాచీలు కూడా అక్కడికి వెళ్ళాయి. పేరు వచ్చింది, బేరం పెరిగింది, చవగ్గా కావాలన్నారు. ఆ తర్వాత రసాయన రంగులు దొరికాయి. ఆకు, బెరడు, వేరు ఉడకబెట్టి తీసే రంగుల చోట డబ్బా రంగులు వచ్చాయి, పనితనం తగ్గింది. కొన్నవాళ్ళే తర్వాత నాసిరకం అన్నారు. తంగెళ్ళమూడిలో మగ్గం శబ్దం ఇప్పటికీ వినిపించే ఇళ్ళు ఉన్నాయి గానీ, పిల్లలు ఆ పనిలోకి రావడం లేదని అక్కడి తల్లులే చెబుతారు. రోజుకూలి ఎక్కడ ఎక్కువ వస్తే అక్కడికి పోతారు, వాళ్ళని తప్పు పట్టలేం.

ఇప్పుడు మళ్ళీ లాంకషైర్ వెళ్దాం. మిల్లులు వచ్చాక అక్కడి పనివాళ్ళు బాగుపడ్డారనుకుంటాం. లేదు. కూలి తక్కువ, అద్దె ఎక్కువ, కొట్టువాడి దగ్గర ఎప్పుడూ బాకీయే. పిండిలో కల్తీ, తూకంలో మోసం. రాచ్‌డేల్ అనే ఊళ్ళో నేతపనివాళ్ళు కూలి పెంచమని సమ్మె చేసి ఓడిపోయారు. ఓడిన వాళ్ళలోనే కొందరు వారానికి రెండు పెన్నీలు, తర్వాత మూడు పెన్నీలు దాచడం మొదలుపెట్టారు. ఇంటింటికీ తిరిగి వసూలు చేసేవాళ్ళు. (మన మొదటి సంఘాల్లో రోజుకి రూపాయి దాచిన రోజులు గుర్తొస్తున్నాయా?) చివరికి 28 మంది 28 పౌండ్లు కూడబెట్టి, 1844 డిసెంబరు 21న టోడ్ లేన్ అనే వీధిలో చిన్న కొట్టు తెరిచారు. వెన్న, పంచదార, గోధుమపిండి, ఓట్స్ పిండి, కొవ్వొత్తులు, అంతే సరుకు. వీధి పిల్లలు చూసి ఎగతాళి చేశారు.

వాళ్ళ నియమాలు చూస్తే మన తీర్మానాల పుస్తకం చదువుతున్నట్టే ఉంటుంది. మనిషికి ఒక ఓటు, ఎంత డబ్బు పెట్టినా సరే. కల్తీ లేని సరుకు, సరైన తూకం. అప్పు ఇవ్వరు, రొక్కమే. లాభం వస్తే ఎవరు ఎంత సరుకు కొన్నారో ఆ లెక్కన పంచుతారు. లెక్కలు సభ్యుల ముందు పెడతారు.

ఆడవాళ్ళ సంగతి ముఖ్యం. అప్పట్లో ఇంగ్లండులో పెళ్ళయిన ఆడదాని డబ్బు మొగుడిదే, చట్టమే అలా ఉండేది. 1870, 1882ల్లో వచ్చిన చట్టాలతో గానీ అది మారలేదు. కానీ రాచ్‌డేల్ కొట్టులో 1846లోనే ఎలిజా బ్రియర్లీ అనే ఆవిడ సభ్యురాలిగా చేరింది. ఆ సంఘం చరిత్ర 1858లో రాసిన జార్జ్ హోలియోక్ అంటాడు, మొగుడు తాగి తగలెయ్యకుండా డబ్బు కాపాడుకోవడానికే కొందరు ఆడవాళ్ళు సభ్యులయ్యారని. పెళ్ళాం పేరు మీద ఉన్న పొదుపు ఆమె సంతకం లేకుండా మొగుడికి ఇచ్చేవాళ్ళు కారట. ఆయన పుస్తకం పేరులోనే స్వయం సహాయం అనే మాట ఉంది. ఇది చదివినప్పుడు మన ఆఫీసులో జరిగిన గొడవ ఒకటి గుర్తొచ్చి నవ్వుకున్నాం. ఒకాయన తన భార్య పాసుపుస్తకం పట్టుకొచ్చి, "మా ఆవిడకి జ్వరం, డబ్బు నాకివ్వండి" అని గంటసేపు కూర్చున్నాడు. ఇవ్వలేదు. ఆవిడ మర్నాడు శుభ్రంగా నడిచొచ్చింది, జ్వరం లేదు గిరం లేదు.

లాంకషైర్ వాళ్ళ మీద కోపం పెట్టుకోనక్కర్లేదని కూడా చెప్పాలి. విదేశీ గుడ్డల బహిష్కారం వల్ల అక్కడి మిల్లుల్లో పని పోయింది. అయినా 1931 సెప్టెంబరులో గాంధీగారు డార్వెన్ ఊరికి వెళ్తే మిల్లు ఆడవాళ్ళు చుట్టూ మూగి చేతులెత్తి కేరింతలు కొట్టారు. ఆ ఫోటో పుస్తకాల్లో చూసే ఉంటారు. 1974లో జిల్లాలు మార్చినప్పుడు రాచ్‌డేల్‌ని లాంకషైర్ నుంచి విడదీశారు. మనకి 2022 ఏప్రిల్‌లో ఏలూరు ఒక జిల్లాలోకి, తాడేపల్లిగూడెం ఇంకో జిల్లాలోకి పోయినట్టే. రాచ్‌డేల్ కొట్టు మాత్రం ఇప్పుడు మ్యూజియంగా అక్కడే ఉంది.

సంఘం అని బోర్డు పెట్టినంత మాత్రాన రాచ్‌డేల్ అవదు. దానికి సాక్ష్యం మన కొల్లేరే. 1970ల్లో లంక గ్రామాల పేదలకి సొసైటీలు పెట్టించి, ప్రభుత్వమే చేపల చెరువులు తవ్వించింది. మేత, పిల్ల, మందులకి పెట్టుబడి కావాలి. అది బయటివాళ్ళ దగ్గర ఉంది. చెరువులు లీజుల పేరుతో చేతులు మారాయి. సభ్యుల పేర్లు పుస్తకంలో మిగిలాయి, మనుషులు తమ చెరువు గట్టు మీదే కూలీలయ్యారు. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్సర్ జాబితాలో చేరింది, 2006లో గట్లు పేల్చేశారు. సరస్సు బతకాలి, పెలికాన్ పక్షులు ఆటపాకకి రావాలి, అందులో మాకు రెండో మాట లేదు. కానీ గట్టు పేలినప్పుడు లీజుదారుడు వేరే చోట చెరువు చూసుకున్నాడు. లంకలో ఉన్న ఆడమనిషి ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని కైకలూరు సంతకి నడిచింది.

ఇక లేసు. నరసాపురం వైపు మిషనరీ దొరసానులు పందొమ్మిదో శతాబ్దంలో నేర్పిన పని అది. తర్వాత ఊరూరా పాకింది, విదేశాలకి పోయింది. 1982లో మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ ఆ అల్లికల ఆడవాళ్ళ మీదే ఒక పుస్తకం అచ్చువేసింది. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్నా, ఊళ్ళో దాన్ని ఎవరూ పని అనలేదని, "ఇంట్లో ఖాళీగా కూర్చున్నప్పుడు చేసుకునేది" అన్నారని ఆమె రాసింది. అల్లినామెకి తన లేసు ఎక్కడికి పోతుందో, ఎంతకి అమ్ముతారో తెలీదు. మధ్యలో ఏజెంట్లు, పైన ఎగుమతిదారులు. మేడలు వాళ్ళవి లేచాయి. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. ఆ గుర్తింపు అల్లే చేతికి ఎంత తెస్తుందో ఇంకా చూడాలి.

ఇప్పుడు మన ముందున్న బేరం. వ్యాపారి చెడ్డవాడని మేము అనడం లేదు. దారం అప్పుగా ఇస్తానంటున్నాడు, అది నిజంగా ఉపకారమే. పని లేక వేసవంతా కూర్చున్న సభ్యులు చాలామంది ఉన్నారు. "అంత ఆలోచిస్తే బేరం పోతుంది అక్కా" అని వాళ్ళు అంటున్నారు, ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే కార్యవర్గం బేరాన్ని కాదనలేదు. మూడు మాటలు అడిగింది. దారం తూకం మన ముందు వేయాలి. డజను రేటు కాగితం మీద రాసి ఆరు నెలలకోసారి మాట్లాడుకోవాలి. లెక్క పుస్తకం మన సంఘం బుక్‌కీపరే రాయాలి, ఆయన గుమాస్తా కావాలంటే దాన్ని చూసి నకలు రాసుకోవచ్చు.

మొదటి రెండిటికీ ఆయన సరేనన్నాడు. మూడోదానికి ఇంకా జవాబు చెప్పలేదు.