చంద్రశిలల్లో అరుదైన మృత్తికలు: సిత్తంపూండి రాయి చెప్పే సగం కథ

సింగానల్లూరు నుంచి తూర్పుగా ఈరోడ్ దాటి వెళితే నామక్కల్ జిల్లాలో సిత్తంపూండి వస్తుంది. అక్కడి తెల్లరాయి పేరు అనార్థోసైట్. చంద్రుడి ఎత్తు ప్రాంతాల్లోనూ ఈ జాతి రాయే ఉంటుంది. అందుకే చంద్రయాన్-2 పరీక్షలకు ఇస్రో దీన్ని పొడి చేయించి చంద్రుడి మన్నును పోలిన మన్ను తయారుచేసుకుంది. ఆ పద్ధతికి 2020లో పేటెంటు వచ్చింది. 2023 ఆగస్టులో దిగిన చంద్రయాన్-3 రోవర్ చూసిన మన్నూ ఈ తరహాదే.

మరి వార్తల్లో రేర్ ఎర్త్ అని వింటున్న అరుదైన మృత్తికలు అందులో ఉంటాయా? దాదాపు తలకిందులు. చంద్రుడి మీద అనార్థోసైట్ వాటిని వదిలేసిన రాయి.

సుమారు 450 కోట్ల ఏళ్ల కిందట పుట్టిన చంద్రుడి పైభాగం కరిగిన రాతి సముద్రం. చల్లారేకొద్దీ ఒలివిన్, పైరాక్సీన్ అడుగుకు దిగాయి, తేలికైన ప్లేజియోక్లేజ్ పైకి తేలి తెల్లని పెచ్చు కట్టింది. లాంథనం, సీరియం, నియోడిమియం వంటివి ఆ స్ఫటికాల్లో ఇమడవు. కలకండ కట్టేటప్పుడు మలినమంతా మిగిలిన పాకంలో చేరినట్టు, ఇవి మిగిలిన ద్రవంలోనే చిక్కబడ్డాయి. ఒక్క యూరోపియం మాత్రం కాల్షియం చోట దూరి ప్లేజియోక్లేజ్‌తో వెళ్లిపోయింది. అందుకే తెల్లరాయిలో అది తన తోటి మూలకాల కంటే ఎక్కువ, చివరి ద్రవంలో తక్కువ. రాతి సముద్రం ఉండేదనడానికి మాకు అన్నిటికంటే నచ్చిన సాక్ష్యం ఇదే.

చివరి కొద్ది శాతం ద్రవంలో పొటాషియం, ఈ మృత్తికలు, ఫాస్ఫరస్ కలిసి మిగిలాయి. వాటి గుర్తులు కలిపి దీన్ని 'క్రీప్' అన్నారు. అపోలో 12, 14 తెచ్చిన రాళ్లలో ఇది బాగా కనిపించింది. ఫాస్ఫరస్ కాల్షియంతో చేరి మెరిలైట్, అపటైట్‌లుగా గట్టిపడుతుంది. మృత్తికలు మెరిలైట్‌లో కాల్షియం చోటుకు చేరతాయి, అపటైట్‌లో తక్కువే.

2020లో చైనా చాంగ్‌ఎ-5 తెచ్చిన మన్నులో ఈ కుటుంబానికే చెందిన కొత్త ఖనిజం, చాంగెసైట్, దొరికింది. సుమారు 1,40,000 రేణువులు వెతికితే చేతికొచ్చింది ఒక్క స్ఫటికం, వ్యాసార్థం సుమారు 10 మైక్రాన్లు!

చంద్రుడి మీద గనులు తవ్వుతామనే మాటలు వింటున్నాం కాబట్టి ఇంకొక్క లెక్క. క్రీప్‌లో ఈ మృత్తికలు వెయ్యింట ఒక వంతు మాత్రమే. కన్యాకుమారి జిల్లా మణవాళకురిచ్చి, మన భీమిలి ఇసుకల్లోని మోనజైట్‌లో బరువులో సగానికి పైగా అవే. పైగా ఇక్కడ అలలు, గాలి తేలిక ఇసుకను కడిగేసి బరువైన మోనజైట్‌ను ఒడ్డున కుప్ప పోస్తాయి. చంద్రుడి మీద అలా చెరిగిపెట్టే నీరూ లేదు, గాలీ లేదు.