పాట బతికింది, పాడినోళ్ల సంగతేంటి?



రాక్ సంగీతం అనగానే ముందు ఎల్విస్ ప్రెస్లీ పేరే చెప్తారు. 1954లో వచ్చిన ఆయన మొదటి రికార్డు 'దట్స్ ఆల్ రైట్'. ఆ పాట ఆయనది కాదు. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రానికి చెందిన నల్లజాతి గాయకుడు ఆర్థర్ క్రూడప్ దాన్ని 1946లోనే రికార్డు చేశాడు. పత్తి చేలల్లో చాకిరీ చేసినోళ్ల బతుకుల్లోంచి పుట్టిన ఇలాంటి పాటల్ని బ్లూస్ అంటారు. రాక్‌కి వేరు అక్కడే ఉంది. ఎల్విస్ రికార్డు మీద క్రూడప్ పేరు వేశారు, కానీ పాట హక్కులు మేనేజర్ చేతిలో ఉండిపోయాయి. క్రూడప్ పొలం పనులు చేసుకుంటూ బతికాడు. రావాల్సిన డబ్బు చేతికి అందకుండానే 1974లో చనిపోయాడు.

మన దగ్గర కూడా ఇలాంటి కథ ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య గారు 12 మెట్ల కిన్నెర వాయిస్తూ పండుగ సాయన్న కథ పాడేవారు. 2021లో 'భీమ్లా నాయక్' సినిమా పాట ఆయన గొంతుతోనే మొదలైంది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో చూస్తే ఆయన హైదరాబాద్ దగ్గర ఇళ్లు కట్టే చోట కూలి పని చేస్తున్నారని వార్తలొచ్చాయి.

అదే 2022లో మన కోయ బిడ్డ సకిని రామచంద్రయ్య గారికీ పద్మశ్రీ వచ్చింది. ఆయనది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరం. శబరి, గోదారి కలిసే చోట ఉన్న మన కూనవరం వేరు. కంచుమేళం, కంచుతాళంతో సమ్మక్క సారలమ్మ, పగిడిద్దరాజు, గిరికామరాజు కథలు కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. మన చరిత్రని మనం పుస్తకాల్లో రాసుకోలేదు. డోలీల పాట, వాళ్లు విప్పి చూపించే పడిగె మీది బొమ్మలు, ఇవే మన పుస్తకాలు. 2024 జూన్ 23న ఆయన కన్నుమూశారు. అలాంటి మనిషి పోతే ఒక పుస్తకమే పోయినట్టు.

ఇప్పుడు పోలవరం ముంపుతో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం వైపు ఊళ్లు చెదిరిపోతున్నాయి. కాలనీలో ఇల్లు ఇస్తారు. కానీ ఆ ఊరి గద్దె దగ్గర, ఆ ఊరి భూమి పండగలో పాడే పాట కొత్త చోట ఎవరు పాడతారు? తాతలు, అవ్వలు తలోచోటికి పోయాక పిల్లలకి ఎవరు నేర్పిస్తారు?

అందుకని సెలవులకి ఇంటికెళ్లినప్పుడు రెండు పనులు చేద్దాం. ఒకటి, పెద్దవాళ్లని అడిగి, వాళ్లు సరేనంటేనే పాట ఫోన్లో రికార్డు చేయండి. ముందుగా పాడేవాళ్ల పేరు, ఊరు, గట్టు చెప్పించండి. రేపు ఎవరైనా ఆ పాటని డీజే కొట్టి 'జానపదం' అని వదిలితే, ఇది ఫలానా అవ్వ పాట అని చూపించడానికి ఉంటుంది. రెండు, పాట కోసం ఎవరైనా కాగితం తెస్తే మనం పూర్తిగా చదివి, అర్థం చెప్పాకే మనవాళ్లు వేలిముద్ర వెయ్యాలి. క్రూడప్‌కి పేరు దక్కింది, హక్కు దక్కలేదు. మన ఇళ్లల్లో మొదట కాలేజీకి వచ్చింది మనమే. ఆ కాగితం చదవాల్సింది కూడా మనమే.