శీతల పానీయాల పరిశ్రమ – ఉపాధి: చారిత్రక పరిశీలన

1. పరిచయం

బత్తలపల్లె వంటి మెట్ట ఊరికి కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీ వస్తుందంటే యువకులు "ఎన్ని ఉద్యోగాలు?" అని అడుగుతారు. బోరు ఎండిన రైతు "ఎన్ని నీళ్లు?" అని అడుగుతాడు. ఏడాదికి సగటున సుమారు 550 మి.మీ. వాన పడే ఉమ్మడి అనంతపురం జిల్లాలో రెండూ న్యాయమైన ప్రశ్నలే. జవాబు కోసం ఈ పరిశ్రమలో పని ఎక్కడ పుట్టిందో, ఎటు జరిగిందో చూద్దాం.

2. గోలీ సోడా దశ

మన గోలీ సోడా సీసాకు మూలం 1872లో ఇంగ్లండులో హైరమ్ కాడ్ పేటెంటు పొందిన సీసా. గ్యాసు ఒత్తిడికి గోలీ పైకి లేచి మూతి దగ్గరి రబ్బరుకు బిగుసుకుంటుంది. చేత్తో తిప్పే యంత్రం, కడిగే తొట్టి, తోపుడు బండి ఉంటే ఒక కుటుంబానికి జీవనం గడిచేది. తయారీ, అమ్మకం రెండూ ఆ ఇంటివారివే. రామచంద్రపురంలో 1919లో మొదలైన ఆర్టోస్ ఇలాంటి సోడా వ్యాపారం నుంచే సంస్థగా ఎదిగింది.

3. అమెరికా: ప్లాంట్లు పెరగడం, తగ్గడం

అమెరికాలో పరిశ్రమ మరో దారి పట్టింది. 1899లో చాటనూగా నగరానికి చెందిన ఇద్దరు న్యాయవాదులు కోకాకోలాను సీసాల్లో నింపే హక్కును ఒక్క డాలరుకు పొందారు. అప్పటి నుంచి సిరప్ ఒకరిది, నింపే పని మరొకరిది. బరువైన గాజు సీసాలను దూరం మోయలేరు కనుక ఊరూరా ప్లాంట్లు వెలిశాయి. తర్వాత వేగవంతమైన యంత్రాలు, తేలికైన ప్లాస్టిక్ సీసాలు, మంచి రోడ్లు వచ్చాయి. ప్లాంట్ల సంఖ్య వేల నుంచి వందలకు పడిపోయింది. ఖాళీ సీసాలు ఏరి, కడిగే పని చాలావరకు పోయింది. లారీల్లో, గోదాముల్లో, దుకాణాల్లో పని పెరిగింది.

4. భారతదేశం: 1977, 1993

విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించాలన్న షరతుకు ఒప్పుకోక 1977లో కోకాకోలా మన దేశం విడిచింది. అయితే సీసాలు నింపే ప్లాంట్లు భారతీయులవి. ఢిల్లీలో కోకాకోలా నింపిన ప్యూర్ డ్రింక్స్ సంస్థే క్యాంపా కోలా తెచ్చింది. పార్లే సంస్థ థమ్సప్ తెచ్చింది. యంత్రాలు ఇక్కడే ఉన్నందున సిరప్ మారినా పని సాగే వీలు మిగిలింది. 1993లో కోకాకోలా తిరిగి వచ్చి థమ్సప్, లిమ్కా, గోల్డ్‌స్పాట్‌లతో సహా పార్లే బ్రాండ్లను కొనేసింది. ఉపాధి నిర్ణయాలు మళ్లీ పెద్ద సంస్థల చేతికి చేరాయి.

5. పన్ను, నీరు

మెక్సికో 2014లో తీపి పానీయాలపై లీటరుకు 1 పెసో పన్ను వేసింది. ఉద్యోగాలు పోతాయని పరిశ్రమ వాదించింది. తర్వాతి అధ్యయనాల్లో చెప్పుకోదగ్గ నష్టం కనబడలేదు. కేరళలోని ప్లాచిమడలో 2000లో మొదలైన ప్లాంటు, భూగర్భ జలాలపై స్థానికుల ఆందోళన నడుమ 2004లో మూతపడింది. నీటితోపాటు ఆ ఉద్యోగాలూ నిలవలేదు.

6. ముగింపు

ఈ పరిశ్రమలో ఉత్పత్తి పెరిగినంతగా ఫ్యాక్టరీ లోపలి కొలువులు పెరగవు. పని బయటికి, రవాణాకు, చిల్లర అంగడికి జరుగుతుంది. అంగడి పనికి ఫ్యాక్టరీ మన ఊళ్లోనే ఉండనక్కరలేదు, బోరు నీళ్లు మాత్రం మన ఊరివే. కాబట్టి ఉద్యోగాల లెక్కను, నీటి లెక్కను ఒకే కాగితం మీద వేయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఊరి కూల్‌డ్రింకుల అంగడికి సరుకు చేరేలోపు ఎవరెవరికి పని దొరుకుతోంది? విచారించి పది వాక్యాల్లో రాయండి.