అత్యంత విలువైన ఆటగాడు: నూట పదిహేనేళ్ల తగవు

ఏటా సెప్టెంబరు నెలాఖరుకు అమెరికాలో బేస్‌బాల్ లీగ్ ఆటలు ముగుస్తాయి. అప్పటికి ఒక్కో జట్టు 162 ఆటలు ఆడి ఉంటుంది. ప్లేఆఫ్‌లు మొదలయ్యేలోపే ఆ ఏడాది అవార్డులకు ఓట్లు పడిపోవాలి. ఫలితం మాత్రం నవంబరు దాకా బయటికి రాదు. అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్ అని రెండు లీగులు. ఒక్కో లీగుకూ ఒక మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్, అంటే ఎంవీపీ. ఉత్తమ పిచర్‌కు, అంటే బంతి విసిరేవాడికి, సై యంగ్ అవార్డు. ఉత్తమ కొత్త ఆటగాడికి ఇంకొకటి. ఓటేసేది బేస్‌బాల్ విలేకరులు. ఇప్పుడు ఒక్కో అవార్డుకు, ఆ లీగు జట్లున్న నగరానికి ఇద్దరు చొప్పున 30 మంది. మన క్రికెట్లో మ్యాన్ ఆఫ్ ది సిరీస్ ఎవరికిచ్చినా వారం తిరిగేసరికి మరిచిపోతాం. అక్కడ 1947 నాటి ఓటు మీద ఇప్పటికీ వాదించుకుంటారు. విలువ అంటే ఏమిటో ఎవరూ తేల్చి చెప్పకపోవడమే ఈ తగవుకు మూలమనీ, అంకెలతో ఒక సూత్రం బిగించేస్తే గొడవ వదిలిపోతుందనీ చాలామంది నమ్మకం. చరిత్ర తిరగేస్తే నాకు అలా అనిపించదు. అవార్డును ఒకే అంకెకో, తు.చ. తప్పని నిబంధనకో కట్టేసినప్పుడల్లా తీర్పు చెడింది. మనుషుల విచక్షణకు వదిలినప్పుడూ చెడిన మాట నిజమే. ఆ చెడుపును తగ్గించడానికి మెరుగైన అంకెలు కొంత సాయపడ్డాయి, ఓటేసినవాడు తన పేరుతో సహా బయటికి రావాల్సిన పరిస్థితి అంతకంటే ఎక్కువ సాయపడింది.

మొదటి పాఠం 1910లోనే దొరికింది. హ్యూ చాల్మర్స్ అనే కార్ల కంపెనీ యజమాని, ఆ ఏడాది అందరికంటే ఎక్కువ బ్యాటింగ్ సగటు సాధించినవాడికి తన కారొకటి బహుమతిగా ఇస్తానన్నాడు. బేస్‌బాల్‌లో బ్యాటింగ్ సగటంటే పరుగుల లెక్క కాదు, బ్యాటుకు దొరికిన అవకాశాల్లో ఎన్ని హిట్లయ్యాయన్న నిష్పత్తి. వెయ్యి అవకాశాలకు 385 హిట్లయితే 0.385. ఇందులో ఓటు లేదు, అభిప్రాయం లేదు, తగవుకు చోటే లేదనుకున్నారు. పోటీ చివరికి డెట్రాయిట్ ఆటగాడు టై కాబ్‌కూ, క్లీవ్‌లాండ్ ఆటగాడు నాప్ లాజవేకూ మధ్య మిగిలింది. సగటు పడిపోకుండా కాబ్ చివరి రెండు ఆటలకు దిగకుండా కూర్చున్నాడు. అక్టోబరు 9న సెయింట్ లూయిస్‌లో లాజవేకు ఒకే రోజు రెండు ఆటలు. కాబ్ అంటే తోటి ఆటగాళ్లలో చాలామందికి పడదు. ప్రత్యర్థి జట్టు బ్రౌన్స్ మేనేజరు జాక్ ఓకానర్, మూడో బేస్ కాసే కొత్త కుర్రాడు రెడ్ కారిడెన్‌ను బాగా వెనక్కి, ఔట్‌ఫీల్డ్ గడ్డి వైపు జరిగి నిలబడమన్నాడు. లాజవే మొదటిసారి బంతిని దూరంగానే కొట్టాడు. ఆ తర్వాత ముందు అంతా ఖాళీగా కనిపించేసరికి, బ్యాటు అడ్డంపెట్టి బంతిని మూడో బేస్ వైపు మెల్లగా తోసి పరుగెత్తడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి ఎనిమిది హిట్లు. ఒక బంతిని స్కోరరు హిట్‌గా రాయలేదు. రాస్తే కొత్త సూటు కుట్టిస్తామని బ్రౌన్స్ శిబిరం నుంచి అతనికి చీటీ వెళ్లింది. ఓకానర్ ఉద్యోగం పోయింది. లీగ్ అధ్యక్షుడు బాన్ జాన్సన్ వెంట్రుకవాసి తేడాతో కాబే విజేత అని ప్రకటిస్తే, చాల్మర్స్ ఇద్దరికీ చెరో కారు ఇచ్చి చేతులు దులుపుకున్నాడు. కాబ్ ఆడిన ఒక ఆటను రికార్డుల్లో రెండుసార్లు ఎక్కించారనీ, సరిచేస్తే లాజవేదే పైచేయి అనీ 1981లో ద స్పోర్టింగ్ న్యూస్ పత్రిక బయటపెట్టింది. అప్పటి కమిషనర్ బౌయీ కూన్ రికార్డు మార్చడానికి ఒప్పుకోలేదు. అభిప్రాయానికి తావులేదనుకున్న అంకె, పందెం కట్టగానే ఫీల్డర్ల కాళ్ల దగ్గరా, గుమాస్తా కలం దగ్గరా అమ్మకానికి వచ్చింది.

మరుసటి ఏడాదే చాల్మర్స్ పద్ధతి మార్చాడు. నగరానికొక విలేకరి చొప్పున కూర్చుని, జట్టుకు ఎక్కువ ఉపయోగపడినవాడెవరో ఓటేసి తేల్చాలన్నాడు. ఆ బహుమతి 1914తో ఆగిపోయింది. 1922లో అమెరికన్ లీగ్, 1924లో నేషనల్ లీగ్ సొంత అవార్డులు పెట్టాయి. అమెరికన్ లీగ్ పెద్దలు ఈసారి నిబంధనలను నమ్ముకున్నారు. ఒకసారి గెలిచినవాడికి మళ్లీ ఇవ్వకూడదు. ప్రతి ఓటరూ జట్టుకు ఒక్కడినే ఎంచుకోవాలి. రెండూ వినడానికి న్యాయంగానే ఉంటాయి. 1927లో వాటి పస తేలిపోయింది. ఆ ఏడాది బేబ్ రూత్ 60 హోమ్ రన్లు, అంటే బంతిని మైదానం దాటించే హిట్లు, కొట్టాడు. అతను 1923లో అవార్డు తీసుకున్నాడు కాబట్టి పేరు కూడా పరిశీలనకు రాలేదు. ఒకవేళ వచ్చినా, అదే యాంకీస్ జట్టులోని లూ గెరిగ్‌కు ఓటేసినవాడు రూత్ పేరు రాయడానికి వీల్లేదు. గెలిచిన గెరిగ్ అనర్హుడేమీ కాదు. దేశంలో ఇద్దరు మేటి బ్యాటర్లను పక్కపక్కన పెట్టి చూడటాన్నే నిషేధించిన నిబంధనతోనే ఇక్కడ పేచీ.

1931లో బేస్‌బాల్ రైటర్స్ అసోసియేషన్ ఈ బాధ్యత తీసుకున్నప్పుడు రాసుకున్న సూచనల పత్రమే నేటికీ ఓటర్లకు అందుతోంది. విలువ అనేదానికి స్పష్టమైన నిర్వచనం లేదని, అది ఓటరే తేల్చుకోవాలని అందులోనే ఉంది. జట్టుకు ఆటగాడి అసలు విలువ, అంటే బ్యాటింగ్‌లో, ఫీల్డింగ్‌లో అతని బలం, ఆడిన ఆటల సంఖ్య, నడవడి, విధేయత, శ్రమ, ఇవి చూడమంటుంది. పాత విజేతలకూ అర్హత ఉందనీ, ఒకే జట్టులో ఒకరికంటే ఎక్కువమందిని ఎంచుకోవచ్చనీ చెబుతుంది. ఈ చివరి రెండు వాక్యాలూ వెనకటి నిబంధనల మీద చెప్పకనే చెప్పిన తీర్పు. కాబట్టి నిర్వచనం లేకపోవడం ఎవరి అలసత్వమో కాదు, అంతకుముందు రెండు దశాబ్దాల చేదు అనుభవం ఫలితం.

అయితే ఆ స్వేచ్ఛను విలేకరులు వాడుకున్న తీరు గొప్పగా లేదు. 1934లో గెరిగ్ సగటులో, హోమ్ రన్లలో, జట్టుకు రాబట్టిన పరుగుల్లో మూడింటా మొదటివాడు. దీన్నే ట్రిపుల్ క్రౌన్ అంటారు. ఓటింగ్‌లో ఐదో స్థానం వచ్చింది. గెలిచింది రెండంటే రెండు హోమ్ రన్లు కొట్టిన మికీ కాక్రన్, ఎందుకంటే అతని డెట్రాయిట్ జట్టు లీగ్ గెలిచింది. టెడ్ విలియమ్స్ 1942లోనూ, 1947లోనూ ట్రిపుల్ క్రౌన్ సాధించి రెండుసార్లూ యాంకీస్ ఆటగాళ్ల చేతిలో ఓడిపోయాడు. 1947 ఓటు మరీ విడ్డూరం. జో డిమాజియోకు 202 పాయింట్లు, విలియమ్స్‌కు 201. పది పేర్లు రాసే ఆ చీటీలో ఒక ఓటరు విలియమ్స్‌కు పదో స్థానం కూడా ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఇద్దరూ సమానమయ్యేవారు. విలియమ్స్‌కూ పత్రికలవాళ్లకూ ఉప్పూనిప్పూ అన్నది లోకమెరిగిన సంగతి. ఆ చీటీ ఎవరిదన్నదాని మీద దశాబ్దాలపాటు పుకార్లే తిరిగాయి, రాసినవాడు మాత్రం వచ్చి సమాధానం చెప్పలేదు.

గెలిచిన జట్టులో ఉన్నవాడికే విలువ అన్న వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు. ఆట ఆడేది గెలవడానికే కదా, ఓడిన జట్టులో ఎవరెంత కొడితే ఏం లాభం అంటారు. కానీ బేస్‌బాల్‌లో ఒక బ్యాటర్‌కు తొమ్మిది మంది వరసలో ఒక్క వంతే వస్తుంది. తోటివాళ్లు ఎలా ఆడాలో, వాళ్లను ఎవరు కొనాలో అతని చేతిలో లేదు. ఈ వాదం ఎంత జారుడునేల మీద నిలబడిందో 2012 అమెరికన్ లీగ్ ఎంవీపీ పోటీ చెబుతుంది. గెలిచిన మిగెల్ కాబ్రేరా ఆడిన డెట్రాయిట్ 88 ఆటలు గెలిచి తన డివిజన్‌లో, అంటే లీగులోని తన విభాగంలో, మొదటి స్థానంతో ప్లేఆఫ్‌లకు వెళ్లింది. అతనికి పోటీగా నిలిచిన మైక్ ట్రౌట్ ఆడిన ఏంజెల్స్ 89 గెలిచి ఇంటికెళ్లింది, దాని డివిజన్‌లో గట్టి జట్లున్నాయి కాబట్టి. ఒక ఆట ఎక్కువ గెలిచిన జట్టు ఆటగాడిని ఓడినవాడిగా లెక్కగట్టారన్నమాట. నిజానికి ఈ సూత్రాన్ని విలేకరులే ఎన్నడూ నికరంగా పాటించలేదు. ఓడిపోతూ వచ్చిన షికాగో కబ్స్ నుంచి ఎర్నీ బ్యాంక్స్‌కు 1958లో, 1959లో వరసగా ఇచ్చారు. 1987లో అదే జట్టు డివిజన్‌లో అట్టడుగున ఉంటే 49 హోమ్ రన్లు కొట్టిన ఆండ్రే డాసన్‌కు ఇచ్చారు. అవసరమైనప్పుడు తీసి, అక్కర్లేనప్పుడు దాచుకునే సూత్రం అది.

పిచర్ల సంగతి మరో చిక్కు. నాలుగైదు రోజులకొకసారి దిగేవాడిని రోజూ ఆడేవాడితో ఎలా పోలుస్తారన్న ప్రశ్నకు జవాబుగా 1956లో సై యంగ్ అవార్డు వచ్చింది. మొదటి ఏడాదే డాన్ న్యూకూంబ్ అదీ, ఎంవీపీ రెండూ ఎత్తుకుపోయాడు. ఓటర్ల సూచనల పత్రంలో పిచర్లు అర్హులే అని ఉన్నా, కొందరు ఓటర్లు ససేమిరా అన్నారు. 1999లో పెడ్రో మార్టినెజ్ 23 గెలిచి 4 ఓడాడు. మొదటి స్థానం ఓట్లు అందరికంటే ఎక్కువగా, 8 వచ్చాయి. అయినా ఇద్దరు ఓటర్లు అతని పేరే రాయకపోవడంతో ఐవన్ రోడ్రిగెజ్ 252-239 తేడాతో నెగ్గాడు. ఆ ఇద్దరిలో ఒకరు అంతకుముందు ఏడాది తన చీటీలో పిచర్లకు చోటిచ్చినవారే. సై యంగ్‌లోనూ చాలాకాలం గెలుపుల లెక్కదే రాజ్యం. గెలుపు పిచర్ ఖాతాలో పడాలంటే సొంత జట్టు బ్యాటర్లు పరుగులు చేయాలి, అది అతని పని కాదు. 2010లో 13 గెలిచి 12 ఓడిన ఫెలిక్స్ హెర్నాండెజ్‌కు అవార్డిచ్చినప్పుడు ఈ మూఢనమ్మకం బీటలు వారింది. 2018లో పదే గెలిచిన జేకబ్ డిగ్రామ్‌కు 30లో 29 మొదటి ఓట్లు పడ్డాయి.

ఈ మార్పు వెనక లెక్కలవాళ్ల కృషి ఉంది. 1971లో కూపర్స్‌టౌన్‌లో పుట్టిన బేస్‌బాల్ పరిశోధకుల సంఘం, 1977 నుంచి బిల్ జేమ్స్ వేసిన వార్షిక సంచికలు, 2003లో మైకేల్ లూయిస్ రాసిన మనీబాల్ పుస్తకం, ఒకదాని తర్వాత ఒకటి పాత అంకెల డొల్లతనాన్ని చూపాయి. వాటి పరాకాష్ఠ వార్ అనే కొలమానం. సులువుగా దొరికే మామూలు ఆటగాడికి బదులు ఇతను ఉండటం వల్ల జట్టుకు ఎన్ని గెలుపులు అదనంగా వచ్చాయో అది అంచనా వేస్తుంది. 2012లో ట్రౌట్ వార్ పది దాటింది, కాబ్రేరాది ఏడు దగ్గర ఆగింది. అయినా 1967 తర్వాత తొలి ట్రిపుల్ క్రౌన్ కావడంతో అప్పటి 28 మంది ఓటర్లలో 22 మంది కాబ్రేరాకే మొదటి ఓటు వేశారు. ట్రౌట్ పరుగెత్తి, ఫీల్డింగ్‌లో ఆదుకుని చేసిన మేలు వాళ్ల లెక్కలోకి సరిగా రాలేదన్నది నా అభిప్రాయం. నాలుగేళ్ల తర్వాత ఏంజెల్స్ చిత్తుగా ఓడుతున్నా ట్రౌట్‌కే అవార్డిచ్చారు. 2021, 2023ల్లో అదే జట్టు సగం ఆటలు కూడా గెలవకపోయినా బంతీ బ్యాటూ రెండూ పట్టిన షోహే ఒటానీని ఏకగ్రీవంగా ఎంచుకున్నారు.

మరి అంత నమ్మకమైన కొలమానం ఉండగా ఓటు ఎందుకు, ఎక్కువ వార్ ఉన్నవాడికి ఇచ్చేస్తే పోదా అన్నది నేటి అభ్యంతరం. పోదు, ఎందుకంటే వార్ ఒకటి కాదు. ఫ్యాన్‌గ్రాఫ్స్ అనే సైట్ పిచర్‌ను స్ట్రయికౌట్లు, వాక్‌లు, హోమ్ రన్లను బట్టి కొలిస్తే, బేస్‌బాల్ రెఫరెన్స్ అతను ఇచ్చిన పరుగులను బట్టి కొలుస్తుంది. అంచుకు పడిన బంతిని స్ట్రయిక్‌గా అంపైరుకు కనిపించేలా అందుకునే క్యాచర్ చేతివాటాన్ని ఒకటి లెక్కేస్తుంది, మరొకటి వెయ్యదు. ఏ లెక్క వాడాలన్నది మళ్లీ మనిషి నిర్ణయమే, కాకపోతే తెర వెనక జరుగుతుంది. సాక్ష్యంగా వార్ గొప్పదే, న్యాయమూర్తిగా కూర్చోబెడితే 1910 నాటి సగటు స్థానంలో ఇంకో అంకె వచ్చినట్టే.

2012 నుంచి విలేకరుల సంఘం అన్ని చీటీలనూ ఓటర్ల పేర్లతో ప్రకటిస్తోంది. విలియమ్స్ పేరు వదిలేసి చాటున ఉండిపోయే సదుపాయం ఇప్పుడు ఎవరికీ లేదు. వదిలేస్తే మర్నాడు పత్రికలో కారణం రాయాలి. దీనివల్ల భయం పెరిగి అందరూ మందతో నడుస్తారన్న విమర్శ ఉంది. 2023లోనూ, 2024లోనూ రెండు లీగుల్లోనూ ఏకగ్రీవ విజేతలే రావడం దానికి ఊతమిచ్చింది. కానీ ఆ ఏళ్లలో ఎదురు వాదించడానికి ఏముంది? 2023లో రోనాల్డ్ అకునా 41 హోమ్ రన్లతో పాటు 73 బేస్‌లు దొంగిలించాడు, అంటే హిట్ అవసరం లేకుండానే పరుగెత్తి తర్వాతి బేస్ చేరుకున్నాడు. 2024లో ఒటానీ 54 హోమ్ రన్లు, 59 దొంగిలింపులు. భయమే కారణమైతే 2025లో ఓట్లు రెండుగా చీలకూడదు. నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. 2022లో యజమానులు, ఆటగాళ్ల సంఘం కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం, కొత్త ఆటగాళ్లకు ఏటా 5 కోట్ల డాలర్ల బోనస్ నిధి ఉంది. వాళ్లలో ఎంవీపీకో, సై యంగ్‌కో మొదటి స్థానం వస్తే 25 లక్షల డాలర్లు. రోజూ లాకర్ రూములో పలకరించే ఆటగాడి జేబులోకి ఎంత వెళ్లాలో విలేకరి చీటీ తేలుస్తోంది. కొన్ని పెద్ద పత్రికలు తమ విలేకరులను అసలు ఓటే వెయ్యనివ్వకపోవడానికి ఇలాంటి ఇబ్బందే కారణం. ఈ ముడి తెంపాల్సిందే.

2025 అమెరికన్ లీగ్ ఓటింగ్‌లో యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జ్‌కు 17 మొదటి ఓట్లు, సియాటిల్ క్యాచర్ కాల్ రాలీకి 13 పడ్డాయి. జడ్జ్ సగటు 0.331తో లీగ్‌లో మొదటివాడు, 53 హోమ్ రన్లు కొట్టాడు. బ్యాటుతో అతనే మిన్న. రాలీ 60 కొట్టాడు, అంతకుముందు ఏ క్యాచరూ 48 దాటలేదు. ఆటంతా గొంతుకూర్చుని, బంతి దెబ్బలు తింటూ, ప్రతి పిచ్‌నూ నడిపించే పనిచేస్తూ సాధించిన లెక్క అది. 2001 తర్వాత సియాటిల్‌కు తొలి డివిజన్ గెలుపు ఆ ఏడాదే వచ్చింది. జట్టు గెలుపును పక్కనబెట్టి చూసినా, క్యాచర్ పనిలో నేటి లెక్కలకు ఇంకా అందనిది ఉందన్నది నా వాదన. ఓటుంటే నా చీటీలో మొదటి పేరు రాలీదే. జడ్జ్‌కు వేసిన 17 మందిని తప్పుపట్టను, వాళ్ల పేర్లు అక్కడే ఉన్నాయి.