కంఠస్థ పాఠమే జీవిక: ఉద్దానం వేదికపై తెలుగు నటి

శ్రీకాకుళం జిల్లాలో పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం ప్రాంతాల మీదుగా ఒడిశా సరిహద్దు వరకు వ్యాపించిన కొబ్బరి, జీడి తోటల తీరభూమికి ఉద్దానమని పేరు. ఇక్కడి గ్రామాలలో నాటకం టిక్కెట్టు కొని చూసే వినోదంగా కంటె అమ్మవారి సంబరం, సంక్రాంతి, శివరాత్రి, శ్రీరామనవమి వంటి సందర్భాలలో ఊరంతా చందా వేసుకొని జరిపించుకొనే ఉత్సవాంగంగానే ఎక్కువగా నిలిచింది. అందువల్ల నటనను జీవికగా చేసుకొన్న స్త్రీ ఈ ప్రాంతానికి ఒక రాత్రి ప్రదర్శన కోసం బయటి పట్టణం నుంచి వచ్చిన వృత్తి కళాకారిణిగానే ప్రధానంగా పరిచితురాలు. ఆ వృత్తి ఎలా రూపుదిద్దుకొన్నదో, దేని మీద ఆధారపడి నిలిచిందో తెలుసుకోవాలంటే తెలుగు రంగస్థలానికి స్త్రీ వచ్చిన క్రమాన్ని మొదట పరిశీలించాలి.

ఉద్దానం భాగంగా ఉన్న కళింగాంధ్రలో ప్రసిద్ధమైన తూర్పు భాగవతంలో, అంటే మద్దెల వాద్యం ప్రధానంగా సత్యభామ కథను రాత్రంతా ఆడే సంప్రదాయ ప్రదర్శనలో, భామ వేషాన్ని పురుషులే ధరించేవారు. ఆధునిక నాటకం కూడా తొలినాళ్లలో ఇదే పద్ధతిని అనుసరించింది. 1892లో విజయనగరంలో గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ తొలిసారి ప్రదర్శితమైనప్పుడు మధురవాణి పాత్రను పోషించినదీ పురుషుడే. సత్యభామ, చింతామణి పాత్రలతో ఖ్యాతి పొంది 1956లో పద్మశ్రీ అందుకొన్న స్థానం నరసింహారావు ఈ స్త్రీవేష సంప్రదాయానికి పరాకాష్ఠ.

ఈ పద్ధతికి భిన్నమైన మార్గాన్ని 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో వనారస కుటుంబీకులు ‘కీచకవధ’తో ప్రారంభించిన సురభి నాటక సమాజం చూపింది. కుటుంబమే నాటక సమాజం కావడం వల్ల అక్కడ స్త్రీ పాత్రలను ఆ ఇంటి స్త్రీలే ధరించారు. ఆడపిల్లలు లోహితాస్యుడు, ప్రహ్లాదుడు వంటి బాల పాత్రలతో రంగప్రవేశం చేసి, పెద్దల పాఠాలను వింటూనే నేర్చుకొని, వయసుతో పాటు నాయిక పాత్రలకూ ఆ తరువాత తల్లి పాత్రలకూ మారేవారు. ఈ శిక్షణ ఫలితమే సురభి కమలాబాయి. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన ఆమె, 1951 నాటి ‘పాతాళ భైరవి’లో తోటరాముని తల్లిగా కనిపించారు. ప్రధాన స్త్రీ పాత్ర నుంచి కథానాయకుని తల్లి పాత్రకు సాగిన ఈ మార్పు సురభి వేదిక మీద స్త్రీ జీవితానికి ఉండిన క్రమాన్నే తెరపై కొనసాగించింది.

సురభి కుటుంబాలకు వెలుపల, సంగీత నృత్యాలలో తరతరాల శిక్షణ ఉన్న కళావంతుల ఇళ్ల నుంచి కూడా స్త్రీలు రంగస్థలానికి వచ్చారు. పందొమ్మిదో శతాబ్ది చివరి దశకాలలో భోగం మేళాలకు, అంటే కళావంతుల ఆటపాటల ప్రదర్శనలకు వ్యతిరేకంగా సాగిన ఉద్యమం, 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం వారి పాత జీవనాధారాలను మూసివేయగా, నాటకం, గ్రామఫోను, సినిమా కొత్త దారులయ్యాయి.

ఉద్దానం వంటి ప్రాంతాలకు నటిని చేరవేసినది మాత్రం కాంట్రాక్టు పద్ధతి. ఊరి పెద్దలో, కాంట్రాక్టరో బయానా, అంటే ముందస్తు సొమ్ము ఇచ్చి ఒక్కొక్క నటుణ్ణి ఒక్కొక్క చోటి నుంచి ఆ రాత్రికి కుదుర్చుకోవడం దీని లక్షణం. చాలా ఊళ్లలో మగ పాత్రలను స్థానిక యువకులు హార్మోనియం మాస్టారి దగ్గర నెలల తరబడి పద్యాలు నేర్చుకొని పోషించగా, హరిశ్చంద్రుని భార్య చంద్రమతి పాత్రకో, చింతామణి పాత్రకో మాత్రం నటిని బయటి నుంచి పిలిపించేవారు. ఎన్నడూ చూడని సహనటుల సరసన, కలిసి ఒక్క పూట అయినా సాధన చేయకుండా, ఆమె రాత్రంతా నాటకాన్ని నడిపించగలగడానికి కారణం పద్యనాటకానికి ఉన్న స్థిరమైన పాఠమే. బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్రీయం’లోని పద్యాలు అచ్చుపుస్తకాల వల్ల ఇచ్ఛాపురంలోనూ తెనాలిలోనూ ఒకటే, ఏ పద్యం తరువాత ఎవరు అందుకోవాలో అందరికీ తెలుసు. ఒకే నాటకంలో మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు అంటూ ఒక పాత్రను ఇద్దరు ముగ్గురు నటులు పంచుకొనే ఆచారం సాధ్యమైనదీ అందువల్లనే.

కాబట్టి ఆ నటికి కంఠస్థమైన పాఠమే మూలధనం. కాటిసీనులో, అంటే శ్మశాన ఘట్టంలో, కుమారుని శవం ముందు చంద్రమతి పాడే పద్యాలకు ప్రేక్షకులు వన్స్‌మోర్ అంటే మళ్లీ అంతే ఆర్తితో పాడగల గొంతు, తడబడిన స్థానిక నటునికి మాట అందించి సీను నిలబెట్టగల నేర్పు ఆమె విలువను నిర్ణయించేవి. అయితే ఈ మూలధనం కొద్ది నాటకాలకే పరిమితం కావడంతో వాటి భవితవ్యమే ఆమె భవితవ్యమయింది. కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’ తమను కించపరుస్తున్నదని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పగా, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. దానితో నాటకానికి పేరునిచ్చిన పాత్రపై ఆధారపడిన నటీమణులు ఒక ముఖ్యమైన జీవనోపాధిని కోల్పోయారు.

ఉద్దానంలోనే స్థిరమైన పాఠం మీద ఆధారపడని వేరొక ప్రదర్శన మార్గమూ ఉండేది. బొడ్డపాడుకు చెందిన సుబ్బారావు పాణిగ్రాహి జముకు అనే తంత్రీవాద్యం తోడుగా చెప్పే జముకుల కథను 1960ల శ్రీకాకుళం రైతాంగ ఉద్యమానికి మలిచారు. 1969 డిసెంబరులో ఆయన పోలీసుల చేతిలో హతుడయ్యారు. ఇటువంటి జముకుల కథ ఆ ఊరి వర్తమానం నుంచి పుట్టేది కనుక పాఠాన్ని మోసుకొని బయటి నుంచి వచ్చే వృత్తి నటి అవసరం దానికి కలుగలేదు.

నటికీ కంఠస్థ పాఠానికీ ఉన్న సంబంధాన్నే టెలివిజన్ తలకిందులు చేసింది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం, 1995లో ఈటీవీ ప్రారంభమైన తరువాత విస్తరించిన దైనిక ధారావాహికలలో సంభాషణ చిత్రీకరణ వేళకు చేతికందుతుంది. ప్రాంప్టింగ్, అంటే పక్క నుంచి మాట అందించడం, జ్ఞాపకశక్తి పనిని తగ్గిస్తుంది. కనిపించే ముఖం నటిది, వినిపించే గొంతు డబ్బింగ్ కళాకారిణిది కావడం సాధారణమయింది. పొరుగు రాష్ట్రపు నటి తెలుగు రాకుండానే తెలుగింటి కోడలు కాగలుగుతున్నది. ఒకే దేహంలో కూడి ఉండిన పాఠం, గొంతు, అభినయం మూడు వేర్వేరు కూలిపనులుగా విడిపోయాయి. రాత్రి ప్రదర్శనలకు పిలుపులు తగ్గిన పద్యనాటక నటి టెలివిజన్ వైపు చూసినా, ఆమె జీవితకాలం కూడబెట్టుకొన్న వందలాది పద్యాలకు అక్కడ ధర లేదు. అవి విలువ నిలుపుకొన్నది చందా వేసుకొని చంద్రమతిని పిలిపించుకొనే ఊళ్లలోనే. ఉద్దానపు సంబరాలు ఆ వృత్తి చరిత్రలో భాగమయ్యేది ఈ కారణంగానే.